ఎనిమిది కుర్చీలు

"శుక్రవారం ఎనిమిది మంది కనపడాలి మేడం. కనపడకపోతే మీ క్లాసు తీసేస్తాం," అన్నాడు మేనేజరు.

పంతులమ్మ హాజరు పట్టీ చూసింది. ఇరవై పేర్లున్నాయి. ఆ రోజు వచ్చింది ఐదుగురు.

"క్లాసు తీసేస్తే నా సంగతి?"

"ఇంట్లో ఒక్కరికైనా ఉద్యోగం ఉంటేనే ఈ దేశంలో ఉండనిస్తారు. మీకు తెలియంది కాదు."

ఆయన తల వెనక గోడ మీద స్కూలు గుర్తు ఉంది. నోరు తెరిచిన ఆకుపచ్చ చిలక. బయట బోర్డు మీదా అదే చిలక. దేశం కాని దేశం వచ్చి ఆరు నెలలైనా ఆమెకి ఆ ఊరి అక్షరాలు రావు. రోజూ చిలకని చూసుకునే లోపలికి వచ్చేది.

క్లాసులోకి వెళ్లింది. రొట్టెలు కాల్చే ఆవిడ లేచి, పొద్దున తన పొయ్యి దగ్గర ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పబోయింది. రెండో మాటకే పంతులమ్మ ఆపింది. తప్పు దిద్ది మళ్లీ చెప్పమంది. మళ్లీ ఆపింది. నాలుగోసారి ఆపేసరికి ఆవిడ మొహం ముడుచుకుని కూర్చుంది. పొయ్యి దగ్గర ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఆవిడ రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొగుడు బట్టల మూట దించుతున్నాడు. వీధి చివర వాషింగ్ మిషన్ల కొట్టు ఉంది. చుట్టుపక్కల వాళ్లంతా అక్కడికే పోయి ఉతుక్కుంటారు.

"మళ్లీ ఉతికారా? నిన్ననేగా ఉతికింది!"

"కర్టెన్లు మిగిలిపోయాయి."

"రెండు కర్టెన్లకి మూడు గంటలా?"

"మిషన్లు ఖాళీ ఉండొద్దూ. ఒకటే జనం."

అతని చొక్కా చేతులకి తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ముందు ఆ సబ్బుపొడి దులుపుకోండి. అక్కడ ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడటం లేదు కదా?"

"ఎక్కువ వాళ్లే మాట్లాడతారు."

"వేళాకోళం కాదు. పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు తప్పిన మనిషి మీరు. ఎవరైనా వింటే, ఇంగ్లీషు పంతులమ్మకి ఈ మొగుడా అంటారు. అందుకే స్కూలు వైపు రావద్దన్నాను."

"రాలేదుగా. ఆ స్కూలు ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలీదు. అన్నం పెట్టు పంతులమ్మా, ఆకలి దంచేస్తోంది."

ఆమె క్లాసు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే అన్నం మానేస్తాడు.

బుధవారం ముగ్గురు వచ్చారు. బ్యాగులో సుద్దముక్కలు మాత్రం ఎప్పటికంటే తొందరగా అయిపోతున్నాయి. ముగ్గురికి చెప్పడానికి అన్ని సుద్దముక్కలు ఎలా అయ్యాయో ఆమెకి అంతుపట్టలేదు.

గురువారం ఒక్క దర్జీ వచ్చాడు. గుమ్మంలోనే పట్టుకుంది.

"మిగతా వాళ్లేరి?"

దర్జీ తన బూట్ల వంక చూసుకున్నాడు. "పని ఉంది మేడం."

"అందరికీ ఒక్కసారే వచ్చిపడిందా? ఏం పని?"

"బట్టలు ఉతుక్కోవాలి మేడం."

"సాకు చెప్పినా కాస్త నమ్మేలా ఉండాలి!" అని కసిరింది.

శుక్రవారం ఎనిమిది కుర్చీలు తనే వరసగా వేసింది. దుమ్ము తుడిచింది. గంటసేపు కూర్చుంది. దర్జీ కూడా రాలేదు.

మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీలు లెక్కపెట్టలేదు.

"సోమవారం నుంచి ఈ క్లాసుకి కొత్తాయన వస్తాడు మేడం."

"ఏం చదివాడు?"

"అడగలేదు."

"అడక్కుండానే పెట్టేసుకున్నారా?"

"మీ పట్టీలో ఉన్న పేర్లే, పదహారు మంది, ఆయన చెబితేనే వస్తామన్నారు. నేనూ పోయి చూశాను. అందరూ తప్పులే మాట్లాడుతున్నారు." ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "కాని అందరూ మాట్లాడుతున్నారు."

ఆమె సుద్దపెట్టె బల్ల మీద పెట్టి వచ్చేసింది.

దారంతా మొగుడికి ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంది. పెట్టెలు సర్దుకుందాం అనాలి. లేదా, ఇక్కడి చలి నాకు పడటం లేదు అనాలి. తలుపు తట్టకముందే అతను తీశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"కూర్చో. ఒక మాట చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనివ్వండి."

"నీదెప్పుడూ ఉండేదే. నాకు పని దొరికింది."

ఆమె కుర్చీలో కూలబడింది. పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కరికి ఉంటే చాలు. ఉండిపోవచ్చు.

"ఎక్కడ? ఆ మిషన్ల కొట్లోనా?"

"అక్కడే తగిలాడులే. ఒకాయన మూడు రోజులుగా ఒకటే దుప్పటి తెచ్చి ఉతుకుతున్నాడు. ఆ దుప్పటికేం రోగమో అనుకున్నా. ఇవాళ పక్కన కూర్చుని, మా దగ్గర పని చేస్తావా అన్నాడు. మా ఆవిణ్ణి అడిగి చెప్తానన్నాను."

"ఏం పని?"

అతను తల గోక్కున్నాడు. తెల్లటి పొడి రాలింది.

"నువ్వు నవ్వుతావు."

"నవ్వను. ఏ పనైనా సరే చేరండి. ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు."

"వద్దనవుగా? ఒట్టు?"

"మీ మీదొట్టు."

అతని మొహం వెలిగిపోయింది. జేబులోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ అక్షరాలు నాకు రావు. సోమవారం దారి నువ్వే చూపించాలి."

కార్డు మీద ఆకుపచ్చ చిలక నోరు తెరుచుకుని ఉంది.