ఇసుక ఆగదు

"చాచా, మీ వంతు పోయింది" అంది సరిత.

ఆ పెద్దాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. బల్ల మీది ఇసుక గడియారంలో ఇసుకంతా కిందికి దిగిపోయింది.

"ఇంక... చెప్పనే లేదు బిడ్డా" అన్నాడు. ఆ గొంతులో గరగర ఎక్కువ, మాట తక్కువ.

"రూల్ గట్లనే ఉంది మరి. కొత్త ఎడిషన్!"

శంషాబాద్ బస్టాండ్ వెనక టిఫిన్ సెంటర్ మీది గదిలో ప్రతి ఆదివారం పొద్దున ఈ ఆట నడుస్తుంది. సరిత కథ నడిపిస్తుంది. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పి పాచికలు వేస్తారు. పాత ఎడిషన్‌లో ఎవరు ఎంతసేపు చెప్పినా అడిగేవాడు లేడు. ఈ ఏడాది ఆట రూల్స్ పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చింది, దాని వెంట ఇసుక గడియారమూ వచ్చింది. ఇసుక అయిపోయేలోగా చెప్పాలి. లేదంటే వంతు పక్కవాళ్ళకు పోతుంది.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఆట ఇప్పుడు జోరందుకుందని సరిత, తోటి ఆటగాడు చందు తెగ సంబరపడ్డారు. నత్తి ఉన్న అరవింద్ మాత్రం కొన్నాళ్ళు వచ్చి మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పడానికి కూడా గడియారం తిప్పేవాళ్ళేమో!

ఈ పెద్దాయన ఆ రోజే మొదటిసారి మెట్లెక్కి వచ్చాడు. మండే ఎండల్లో మెడకు మఫ్లర్. చేతిలో అట్ట ఊడిన పాత ఎడిషన్ పుస్తకం.

"ఒక్క ఆట... పాత పద్ధతిల... ఆడుదమా?" అని వచ్చీ రాగానే అడిగాడు.

"పాతది బంద్ చేసినం చాచా. ఆడితే గిట్లనే ఆడాలె" అన్నాడు చందు. "గొంతుకేమైంది?"

ఆయన చెయ్యి ఊపి నవ్వేశాడు. జలుబు కాబోలు అనుకున్నారు.

మళ్ళీ ఆయన వంతు వచ్చింది. సరిత గడియారం తిప్పింది. "నేను..." అన్నాడో లేదో, నెత్తి మీదుగా విమానం.

విమానం వస్తే మాట ఆపి, అది పోయాక ఆపినచోటి నుంచే అందుకోవడం ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా అలవాటే. ఆయనా ఆగాడు. ఇసుక ఆగలేదు.

"జర ఆగుండ్రి... అది పోనీ..."

"విమానమన్న ఆగుతదేమో గని ఇసుక ఆగదు చాచా!" చందు పకపకా నవ్వాడు.

సరిత కూడా నవ్వింది. నవ్వాక ఎందుకో సిగ్గనిపించింది. అయినా వంతు చందుకే ఇచ్చింది.

ఆయన కాసేపు ఆట చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఈ ఆట... మీకు ఎవరు నేర్పిండ్రు?"

సరిత ముఖం వెలిగిపోయింది. "మా ఉస్తాద్! లాక్‌డౌన్ల. ఇంగ్లీష్ పుస్తకం మాకు ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. ఆయన ఫోన్ల తెలుగుల చెప్పి ఆడిపిచ్చిండు. మనిషినైతే ఇప్పటిదాకా చూడలే. ఏం గొంతు చాచా అది! పులి వచ్చింది అన్నడంటే లేచి తలుపు గొళ్ళెం పెట్టేదాన్ని. మా అరవింద్‌కు మాట తట్టుకుంటే, వాడు చెప్పేదాకా ఎంతసేపైనా ఆగేటోడు..."

చివరి మాట అన్నాక సరిత కళ్ళు గడియారం మీద పడ్డాయి. గబుక్కున చూపు తిప్పుకుంది.

"ఇప్పుడు... ఏడున్నడు?"

"ఏమో. కొత్త ఎడిషన్ తెచ్చినమంటే, ఆటకు గడియారమెందుకు బిడ్డా అని మెసేజ్ పెట్టిండు. రూల్ అన్న నేను. అప్పటిసంది ఫోన్ ఎత్తుతలేడు. అలిగిండు."

ఆయన ఆత్రంగా ముందుకు వంగాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టేలోగా, "అక్కా, నా ఇసుక అయిపోతుంది, పాచికలియ్యి!" అని చందు అరిచాడు. సరిత అటు తిరిగింది.

మళ్ళీ ఇటు చూసేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. ఇసుక గడియారాన్ని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ఇసుక ఆగింది. సరిత తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చందు గడియారాన్ని లేపి నిలబెట్టాడు. ఆట సాగింది. సరితకే మనసు మనసులో లేదు. పరుగెత్తి ఆయన్ని వెనక్కి పిలవాలనిపించింది. పిలవలేదు.

తర్వాతి ఆదివారం ఒక అమ్మాయి పైకి వచ్చింది.

"నేను అర్ఫా అక్కా. పోయిన ఆదివారం మా అబ్బా మీ దగ్గరికొచ్చిండు గద! ఆట మంచిగైందా? మస్తు మాట్లాడిండా? ఇంటికొచ్చినంక ఎంత అడిగినా నవ్వి ఊకున్నడు."

"ఎవరు మీ నాయిన?" అంది సరిత.

"చెప్పనే లేదా? విలాయత్ అలీ. మీరు ఉస్తాద్ అని పిలుస్తరంట గద."

చందు తలెత్తలేదు. సరితకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గడియారాన్ని తీసి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

"ఒక్కసారి ఆయనకు ఫోన్ కలుపు అర్ఫా" అంది. "మాఫీ అడుగుత. పాత పద్ధతిలనే ఆడుదం. పొద్దుగూకేదాకా చెప్పనీ, కూసొని వింట."

అర్ఫా ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఇగ ఏం చెప్తడక్కా? గొంతుల గడ్డ ముదిరిందని మొన్న సోమవారం దవాఖానల గొంతే తీసేసిండ్రు" అంది. "ఆపరేషన్ అయితే మాట రాదని ముందుగాల్నే చెప్పిండ్రు. అందుకే ఇంట్ల మాతోని గూడ మాట్లాడకుండ, మిగిలిన గొంతంత మీకోసమే దాచుకొని వచ్చిండు."