చెంప మీద మచ్చ

స్కూలు నుంచి ఫోన్ రాగానే మా అమ్మాయి షారోనుకు ఏదో అయిపోయిందని పరుగెత్తాను. పిల్ల నిక్షేపంలా ఉంది. ఫొటో చూసి రాసే పాఠం కోసం షారోను క్లాసు గ్రూపులో పెట్టిన నా ఫొటోను కొత్త టీచరు చూపించింది.

"భయపడకుండా చెప్పండమ్మా. చెంప మీద ఎవరు కాల్చారు?"

"మామిడికాయ సొనండీ, ఈ ఊళ్లో తోట పనికెళ్లే అందరికీ ఉండేదే. కోసేటప్పుడు చిమ్మిందంటే చర్మం కాలిపోద్ది."

"ముప్పైమంది పిల్లలూ సొన అనే రాశారు. అందరూ మీ ఆయనకి భయపడి రాశారనుకున్నాను."

"మా ఆయనకా? ఆయన బల్లికే భయపడతాడండీ."

"రెండ్రోజులుగా నాకు అన్నం సహించట్లేదు."



"ఏం కాలేదు, కంగారుపడకండి" అన్నాను.

ఆ మాట అందరూ నాకు చెప్పేదే. నేను ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.