చక్రాల ఇంటికి జాగా

"చీకటి పడేలోపు బండికి జాగా దొరకకపోతే నేను బస్సెక్కి నల్గొండల మా అమ్మోళ్లింటికి పోత. ముందే చెప్తున్న," అంది నవనీత.

ఆమె భర్త బెంజమిన్ బండి వేగం పెంచాడు. పెళ్లిరోజు ఘనంగా చేద్దామని హైదరాబాద్‌లో క్యారవాన్ కిరాయికి తీసుకున్నాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్, అన్నీ అందులోనే. కాలు కింద పెట్టకుండా సంసారం చేసుకోవచ్చు. తీరా చూస్తే బండి ఆపే చోటే లేదు. ఫంక్షన్‌హాలు వాచ్‌మన్ కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. మామిడితోట వాళ్లయితే కుక్కనే వదిలారు.

దేవరకొండ దాటాక రోడ్డు పక్కన ఒక చెలక కనిపించింది. దున్నడానికి వానల కోసం చూస్తున్న ఎర్రనేల. గట్టు మీద కూర్చున్న ముసలాయన పేరు దుర్గయ్య. చెలక ఆయనదే.

"ఒక్క రాత్రి ఇక్కడ ఆపుకుంటాం పెద్దయ్యా. కిరాయి ఇస్తా."

దుర్గయ్య బండి చుట్టూ తిరిగాడు. లోపలికి తొంగి చూశాడు.

"తినుడు, పండుడు, బయటికి పోవుడు గూడ గిండ్లనేనా?"

"అన్నీ ఇందులోనే. మీ చెలకలో కాగితం ముక్క కూడా పడనియ్యం," అన్నాడు బెంజమిన్, ఒట్టు వేస్తున్నట్టు.

ముసలాయన మొహం ఎందుకో చిన్నబోయింది. అంతలోనే తేరుకున్నాడు.

"గొర్ల మందోళ్ల కోసం సూస్తున్న. ఈ యేడు ఒక్కడు రాకపాయె. గా నడుమల్ల ఆపు సారూ. కిరాయి ముచ్చట ఎత్తకు. పోయేటప్పుడు సూసుకుందాం."

"మంద వస్తే బండి తీసేస్తాం."

"అది వచ్చినా మీరుండుండ్రి!"

బెంజమిన్‌కు ప్రాణం లేచివచ్చింది. దీపాలు పెట్టే వేళకు దుర్గయ్య గిన్నెడు ఉడికించిన బబ్బెర్ల గుడాలు, నాటుకోడి కూర తెచ్చాడు. పక్క చెలక సత్తమ్మకు కబురెట్లా అందిందో, జొన్నరొట్టెలు, చెంబెడు చల్ల పట్టుకుని ఊడిపడింది. వద్దంటే వినే మనుషులా? ఒకరు వడ్డిస్తే ఇంకొకరు పక్కన కూర్చుని ముద్దముద్దకూ కాపలా కాశారు.

"సిగ్గుపడకు బిడ్డా, కడుపునిండ తిను. పొద్దుగాల అంబలి తెస్త," అంది సత్తమ్మ.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగకుండానే పెడుతున్నారు. నవనీత బస్సు మాటే మరిచింది. ఆమె కళ్లు చెమర్చాయి.

"మనుషులంటే వీళ్లు. మన అపార్ట్‌మెంట్ల పక్కింటోళ్లు మంచినీళ్లన్నా ఇచ్చిన్రా?"

తెల్లారి అంబలి తాగించాక సత్తమ్మ అసలు మాట బయటపెట్టింది.

"రాత్రి ఆయన చెలకల ఉంటిరి. ఇయ్యాల నా చెలకల ఉండాలె. నా రొట్టెలు తినలేదా?"

ఇంకో రోజు ఉందామని నవనీత బతిమాలింది. పెళ్లాం ఉంటానంటే కాదనేదెవరు? బెంజమిన్ సంబరంగా బండి స్టార్ట్ చేశాడు.

దుర్గయ్య పరుగున వచ్చి చక్రం ముందు అడ్డంగా పడుకున్నాడు. బెంజమిన్, నవనీత చెరో రెక్క పట్టి లాగినా లేవలేదు.

"మా మీద ఇంత ప్రేమా పెద్దయ్యా!" బెంజమిన్ చేతులు జోడించాడు. "మీ రుణం ఎట్లా తీర్చుకోను?"

ముసలాయన పడుకున్నచోటి నుంచే చేయి చాపి బండి అడుగున చూపించాడు.

"గొర్ల మందైనా, మనుషుల బండైనా, రాత్రి పండుకున్న చెలకలనే ఎరువు ఇడిసి పోవాలె సారూ, గా లెట్రిన్ డబ్బా మూత ఈడనే ఇప్పు!"