చప్పుడు చేయొద్దప్పా

మధ్యాహ్నం అరగంట చప్పుడు చేయొద్దని ఎర్రిస్వామి పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఆయన కూతురు మంజుశ్రీకి ఆ రోజు జపాన్ యూనివర్సిటీ ఇంటర్వ్యూ. లాప్‌టాప్‌లో అక్కడి ప్రొఫెసర్లు కనపడతారు. ప్రశ్నలడుగుతారు. మంజుశ్రీ ఇంగ్లీషులో జవాబులు చెప్పాలి. ఇక్కడ మేక అరిస్తే అక్కడ వినపడుతుంది.

క్యాతగానచెర్లులో అంతకుముందు ఎవరూ జపాన్‌కు అప్లికేషన్ పెట్టలేదు. అందుకని ఎవరూ కాదనలేదు. నాగన్న ట్రాక్టరు బయటికి తీయనన్నాడు. చిన్నక్క తన మేకనూ దాని పిల్లనూ ఒకే గుంజకు కట్టేస్తానంది.

"విడిగా కడితేనేప్పా అవి అరిచేది. ఒకచోట ఉంటే వాటికేం పని?"

ఎర్రిస్వామి తలూపాడు.

మంజుశ్రీ పావగడలో పీయూసీ, అంటే ఇంటరు, అయినప్పటి నుంచి ఇదే పనిలో ఉంది. బెంగళూరు పోయి ఇంగ్లీషు పరీక్ష రాసింది. లెక్చరర్ దగ్గర సిఫారసు ఉత్తరం తెచ్చుకుంది. ఏం చదువుతావని అడిగితే, సోలార్ ప్యానెళ్లను నీళ్లు లేకుండా శుభ్రం చేసే పద్ధతి కనిపెడతానని రాసింది. వాళ్లమ్మ హనుమంతమ్మ కూలికి కడిగేది ప్యానెళ్లనే. మూడు యూనివర్సిటీలకు పెట్టింది. రెండు కాదన్నాయి. స్కాలర్‌షిప్పుతో చేర్చుకునే మూడోది ఇంటర్వ్యూకు పిలిచింది. ఇది పోతే ఇంకేమీ లేదు.

ఇంటర్వ్యూ నిబంధనలు మంజుశ్రీ తండ్రికి తెలుగులో చెప్పింది. మధ్యలో లైను తెగిపోయి, పది నిమిషాల్లో మళ్లీ కలవకపోతే, తనంతట తాను వద్దనుకున్నట్టే లెక్క. పావగడ బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు ఉంది, అక్కడికి పోతానంది.

"ఆడ బస్సుల హారన్లు, జనాల గోల. ఈడే కూర్చో," అన్నాడు ఎర్రిస్వామి.

"నెట్ పోతే నాయనా?"

"పోదు. నేనుండా కదా."

ఎర్రిస్వామి మాటలు తక్కువ మనిషి. ఆయన భూమి ప్యానెళ్ల కిందికి పోయింది. ఇరవై ఎనిమిదేళ్ల లీజు, తర్వాత మీ భూమి మీకే అన్నారు. అప్పటి నుంచి నడుముకు తాళాలగుత్తి కట్టుకుని ప్యానెళ్లకూ, ఊరి చివర సెల్ టవర్‌కూ వాచ్‌మన్ పని చేస్తున్నాడు. నాలుగేళ్లు చదివి తిరిగొచ్చేస్తానని మంజుశ్రీ చెప్పినప్పుడు, భూమి సంగతిలోనూ ఇదే మాట చెప్పినారు కదమ్మా అన్నాడు. మంజుశ్రీ నవ్వింది. ఆయనా నవ్వాడు.

మధ్యాహ్నం రోజూ పోయినట్టే కరెంటు పోయింది. లాప్‌టాప్ నిండా చార్జి ఉంది, టవర్‌కు జనరేటర్ ఉంది. మంజుశ్రీ తలుపు మూసుకుంది. ఎర్రిస్వామి అరుగు మీద కాపలా కూర్చున్నాడు. నాగన్న, చిన్నక్క వచ్చి తోడు కూర్చున్నారు.

"జపాన్‌లో పచ్చి చేపలు తింటారంట," నాగన్న గొంతు తగ్గించి అన్నాడు. "రాగిముద్ద లేకుండా ఈ పిల్ల యాడ బతుకుతాదప్పా?"

"నువ్వుండావు కదా, దినమూ ముద్ద పార్సిలు పంపు," అంది చిన్నక్క.

లోపల మంజుశ్రీ గొంతు వినపడింది. తన పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది. ఒక ప్రశ్నకు జవాబిచ్చింది. అవతల ఎవరో నవ్వారు. మంజుశ్రీ కూడా నవ్వింది.

"వాళ్లకు నచ్చినట్టుండాది," చిన్నక్క గుసగుసగా అంది. "నీ కూతురు పోయినట్టేప్పా ఇంక."

ఎర్రిస్వామి లేచాడు. ఊరి చివర ఏదో చప్పుడవుతోంది, చూసొస్తానని వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చి మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఊళ్లో చప్పుడు లేదు. లోపల మంజుశ్రీ మాట కూడా లేదు. ప్రశ్న వింటోందని నాగన్న, చిన్నక్క అనుకున్నారు.

తలుపు తెరుచుకుంది.

"నెట్ పోయింది నాయనా."

నాగన్న తన ఫోను తీసి చూశాడు. "సిగ్నలే లేదు. టవర్‌కాడ డీజిల్ అయిపోయినట్టుండాదే."

"అయిపోయింది," అన్నాడు ఎర్రిస్వామి. "బండి సాయంత్రం వస్తాదంట."

నాగన్న బైకు తీస్తానన్నాడు. పావగడ చేరడానికే అరగంట పడుతుంది. మంజుశ్రీ వద్దని తలూపి లోపలికి వెళ్లింది. లాప్‌టాప్ ముందు కూర్చుంది. వీధిలో ఎవరూ మాట్లాడలేదు. ట్రాక్టరు కదల్లేదు. మేక అరవలేదు. పది నిమిషాలు గడిచాక మంజుశ్రీ లాప్‌టాప్ మూసేసింది.

"పావగడకు పోయుంటే బాగుండు," అంది. ఎవరి వంకా చూడలేదు.

"నువ్వు మాత్రం ఏం తక్కువ చేసినావప్పా?" చిన్నక్క ఎర్రిస్వామిని ఓదార్చింది. "బిడ్డ కోసం ఊరందరి నోళ్లు మూయించినావు. డీజిల్ పంపనోళ్లను అనాల."

సాయంత్రం హనుమంతమ్మ పని నుంచి వచ్చింది. జరిగింది విన్నది. చేతులు కడుక్కుని ముద్దకు ఎసరు పెట్టింది. మంజుశ్రీ ఆమె పక్కన కూర్చుంది.

"అమ్మా, మేస్త్రీని అడుగు. రేపట్నుంచి ప్యానెళ్లు కడిగేదానికి నేనూ వస్తా."

హనుమంతమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

ఎర్రిస్వామి గుమ్మంలో నిలబడి తల్లినీ కూతురినీ చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. చిన్నక్క దొడ్లో మేకా పిల్లా గుంజ పక్కనే పడుకుని ఉన్నాయి. కరెంటు ఇంకా రాలేదు.

ఊరి చివరికి వెళ్లి, నడుముకున్న తాళంచెవితో టవర్ గేటు తెరిచి, సగానికి పైగా డీజిల్ ఉన్న జనరేటర్‌ను, మధ్యాహ్నం తాను ఆపినదాన్ని, మళ్లీ స్టార్ట్ చేశాడు.