కొంగులో పుట్టగొడుగులు

"ఏయ్, ఎవరు నువ్వు? నా కుండీల్లో చెయ్యి పెట్టి ఏం చేస్తున్నావు?"

పాపను చంకనేసుకుని పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన సుధామయి గట్టిగానే అడిగింది.

యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్‌లో కింది వాటా ఆమెది. మెట్ల పక్కన వరసగా మిరప కుండీలు పెట్టుకుంది. వాటిని ఎవరైనా ముట్టుకుంటే ప్రాణం విలవిల్లాడిపోతుంది.

కుండీల ముందు గొంతుక్కూర్చున్న ముసలామె ఉలిక్కిపడి లేచింది. కొంగులో ఏదో మూటగట్టి ఉంది.

"మిరపకాయలు కావాలంటే అడగొచ్చు కదా. దొంగతనం దేనికి?"

"మిరపకాయలు ముట్టలేదమ్మా."

"అయితే కొంగు విప్పు."

ఆమె విప్పింది. మట్టి అంటుకున్న తెల్లటి పుట్టగొడుగులు.

సుధామయికి ఒళ్ళు మండింది. కుండీలో పుట్టగొడుగులు మొలిస్తే మట్టి మంచి బలంగా ఉన్నట్టేనని, వాటిని కదపకూడదని ఫోన్‌లో చూసింది. ముందు రోజే ఫొటో తీసి మిద్దెతోటల గ్రూపులో పెట్టి అందరిచేతా శెభాష్ అనిపించుకుంది కూడా.

"ఇవి నీకెందుకు? కూరకా?"

ముసలామె పాప వంక చూసింది. ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

"అడుగుతుంటే చెప్పవేం?"

"పసిపిల్ల ముందల ఆ మాట అనొద్దమ్మా."

పసిపిల్ల ముందు అనకూడని మాటేమిటి? ఏ మంత్రాలో, ఏ చేతబడో. సుధామయి పాప ముఖాన్ని భుజానికి అదిమేసుకుని వాచ్‌మన్‌ను కేకేసింది.

"ఉప్పలయ్యా, ఈవిడ మళ్ళీ గేటు లోపల కనబడిందా, నీ ఉద్యోగం ఉండదు చెప్తున్నా."

"అట్ల కాదమ్మా, ఆమె..."

వినే ఓపిక ఎవరికుంది? సుధామయి అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది.

ముసలామె గేటు వైపు నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"బిడ్డను కుండీల కాడికి పోనియ్యకమ్మా."

నా కుండీల దగ్గరికి నా పిల్ల వెళ్ళకూడదట, చోద్యం కాకపోతే, అనుకుంది సుధామయి.

ఆ వారమంతా ముసురు పట్టింది. పుట్టగొడుగులు కుండీల నిండా విచ్చుకున్నాయి. ఇప్పుడు పీకేవాళ్ళెవరూ లేరు.

వాన వెలిసిన రోజు సుధామయి పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి, పాప మిరప కుండీ దగ్గర కూర్చుని ఉంది. మూతి నిండా మట్టి. పళ్ళ మధ్య తెల్లటి ముక్కలు.

నోట్లో వేలు పెట్టి అందినంత తీసింది. కాసేపటికే వాంతులు మొదలయ్యాయి. ఎంతకీ ఆగవే. పాప మెడ వాల్చేసింది.

భర్త శశిభూషణ్ పరీక్షల డ్యూటీ మీద వరంగల్ వెళ్ళాడు. ఫోన్ కలవలేదు. ఉప్పలయ్య ఆపిన ఆటోలో పడి తార్నాక ఆసుపత్రికి చేరింది.

"ఏం తింది?" అడిగాడు డాక్టరు.

"పుట్టగొడుగు. కుండీలోది."

"తెచ్చారా?"

"తేలేదండీ. కంగారులో తోచలేదు."

"ఏ రకమో తెలియాలమ్మా. కొన్నయితే వాంతులతో పోతాయి. కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి. ఎవరిచేతైనా తెప్పించండి, తొందరగా."

ఉప్పలయ్యకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. తనే వెళ్దామంటే పాపను వదలబుద్ధి కాలేదు. పాప పెదాలు ఎండిపోయాయి. అమ్మా అని పిలవడం కూడా మానేసింది.

"దేవుడా, కావాలంటే నన్ను తీసుకుపో, దాన్నొదిలెయ్." గోడకు తల ఆనించి ఏడ్చింది సుధామయి.

అంతలో నర్సు తడి గుడ్డ మూటొకటి పట్టుకుని లోపలికొచ్చింది.

"బయట ఎవరో ఇచ్చి పోయిండ్రు సార్. పాప తిన్నవి ఇవేనంట."

డాక్టరు మూట విప్పాడు. పుట్టగొడుగుల్ని తిప్పి తిప్పి చూసి, ఫొటోలు తీసి తనకు తెలిసిన బోటనీ ప్రొఫెసరుకు పంపాడు. జవాబు వచ్చేదాకా సుధామయి ఆ ఫోన్ వంకే చూస్తూ నిలబడింది.

"లివర్ జోలికి పోయే రకం కాదటమ్మా. సెలైన్ పెడదాం. తేరుకుంటుంది. ఇవి చేతికి రాకపోతే ఏ వైద్యం చెయ్యాలో మాకు తోచేది కాదు."

సుధామయి వంగి పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

సాయంత్రం ఉప్పలయ్య వచ్చాడు. ఆమె అతనికి చేతులు జోడించింది.

"సమయానికి ఆ మూట పంపించావు. నా పిల్ల బతికింది."

"నేను కాదమ్మా, పోచమ్మ. మీరు ఎల్లగొట్టిన ఆమెనే. ఆ దినం కెల్లి గేటు బయట్నే కూసుంటున్నది. ఆటోల పాపను చూడంగనే కుండీల కాడికి ఉరికింది. నేను ఆపలే, ఏ దవాఖాననో నేనే చెప్పిన. గాడికెల్లి తార్నాక దాక ఉరుక్కుంటనే వచ్చింది."

"ఏదీ? ఎక్కడుంది?"

"పోయిందమ్మా. నన్ను చూస్తే ఆ తల్లి భయపడతది, ఇంక రానని చెప్పింది. మౌలాలి దిక్కు ఉంటదంటరు. ఏడనో నాకు ఎర్క లేదు."

అయినా సుధామయి తలుపు దాకా వెళ్ళి వరండాలోకి తొంగి చూసింది.

"అసలు ఎవరు ఉప్పలయ్యా ఆవిడ?"

ఉప్పలయ్య నిద్రపోతున్న పాపను చూసి గొంతు తగ్గించాడు.

"మన క్వార్టర్లు కట్టేటప్పుడు గాడ కూలికొచ్చేదమ్మా. ఇసుక కుప్ప కాడ ఆడుకుంట ఆమె బిడ్డ గిట్లనే తిన్నది. ఏం తిన్నదో తెమ్మని దవాఖానల అడిగిండ్రంట. పుట్టగొడుగు పట్టుకొని ఆమె మళ్ల వచ్చేసరికి బిడ్డ పానం పోయింది."