తలుపు ముట్టకు

గోడ దూకి, ఆ ఇంటి వెనుక తలుపు తెరవడానికి పరమేశ్‌కు ఎక్కువ సేపు పట్టలేదు.

లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

పరమేశ్ జాగ్రత్తపరుడైన దొంగ. సొంత ఊరు వికారాబాద్‌లో గుండుసూది కూడా ముట్టడు. పొద్దున రైలుకు తాండూరు వస్తాడు, సాయంత్రం రైలుకు వెళ్ళిపోతాడు. చేతిలో వాటర్ ఫిల్టర్లు బాగుచేసేవాళ్ళ సంచీ ఉంటుంది. ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దున్నే పనికి పోతారని ముందే చూసుకున్నాడు.

"ఎవరయ్యా?"

ముందుగదిలో, కిటికీ పక్కన మంచం మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

ఆమె సంగతి అతనికి తెలియదు.

"ఫిల్టర్ బాగుచేసేటోన్ని అవ్వా. సార్ పంపిండు."

ముసలమ్మ అతని వంక చూసింది. కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ అతని వంక చూసింది.

"ఎనుక తలుపు ఏసినవా?"

"ఏసిన."

"అయ్యో కొడుకా! ఇగ దాన్ని ముట్టకు. మా అల్లుడు మిషిని పెట్టించిండు. లోపటినుంచి ఏ తలుపు తీసినా గల్లీ అంతా ఇనబడేటట్టు సైరన్ మోగుతది. అగో, ఎర్ర లైటు."

గోడ మీద తెల్లని డబ్బా. దానికి చిన్న ఎర్ర దీపం.

"మరి నువ్వెట్ల పోతవ్ బయటికి?"

"నేనెక్కడ పోత? మా అల్లుడొచ్చి ఫోన్ల నొక్కితేనే బందయితది. అప్పటిదాంక కూసో."

పరమేశ్ చుట్టూ చూశాడు. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. తొందర మనిషైతే తలుపు లాగి ఉరికేవాడు. పరమేశ్ ఆ ఎర్ర దీపాన్నే చూస్తూ నిలబడిపోయాడు.

"ఈడ కెమెరా గూడ ఉన్నది. వంటింట్లకు పో."

వెళ్ళి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ముసలమ్మ టీవీ గొంతు పెంచింది. పక్కనే బండలు కోసే మిషను రొద. ఆ రెండింటి నడుమ, ఆమె కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు. అవతల మగ గొంతులు. ఒకటి కాదు, చాలా.

అయిపోయింది, పట్టిస్తోంది అనుకున్నాడు.

కూతురు ప్రణవి గుర్తుకొచ్చింది. నాన్న ఫిల్టర్ల పనికి పోతాడనే ఆ పిల్లకు తెలుసు.

గొంతులు దూరమయ్యాయి.

"ఎవరవ్వా?"

"పాలాయన."

"నీ కాళ్ళు మొక్కుత అవ్వా. నేనేం ముట్టలే. ఇడిసిపెట్టు."

"నిన్ను నేనేమన్న పట్టుకున్ననా? లే, రొట్టె తిను."

గోడ పట్టుకుని నడిచి వచ్చి, జొన్నరొట్టె మీద పప్పు వేసి ఇచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని, తినేదాకా లేవలేదు.

"అమ్మ ఉన్నదా నీకు?"

"ఉన్నది. మర్పల్లిల."

ముసలమ్మ నీళ్ళ చెంబు అతని ముందుకు జరిపింది.

పొద్దు వాలింది. బండల మిషను ఆగిపోయింది. ముసలమ్మ టీవీ కట్టేసి, కిటికీలోంచి అటూ ఇటూ చాలాసేపు చూసింది.

"ఇగ పో."

"సైరన్?"

"సైరన్ లేదు, ఏం లేదు. అది ఇంటర్నెట్టు డబ్బా. ఖరాబైతే ఎర్రగ వెలుగుతది."

పరమేశ్ మెల్లగా తలుపు లాగాడు. ఏమీ మోగలేదు.

ఎన్ని తాళాలు తీసినవాడు! తీస్తే వచ్చే తలుపు వెనుక పొద్దంతా ఖైదీలా కూర్చున్నాడు. తల కొట్టేసినట్టయింది.

"గింతసేపు నన్ను ఉత్తగనే కూసోబెట్టినవా? ఎందుకు?"

"నిజం చెప్తే ఉరుకుదువు. బజారు దిక్కు పోకు. పట్టాలెంబడి పో."

ముసలిదానికి మతి లేదు అని తిట్టుకుంటూ బయటపడ్డాడు. అయినా పట్టాల వెంబడే నడిచాడు.

స్టేషన్ ముందు టీ కొట్టు దగ్గర ఆగాడు.

"ఇయ్యాల ఒకడు బతికిపోయిండన్నా," టీ పోస్తూ అన్నాడు కొట్టు కిష్టయ్య. "బండల మిషిని కాడ గోడ దుంకుతుంటే ఎవరో చూసిన్రు. గల్లీ అంతా కట్టెలు పట్టుకొని ఎంకులాడిన్రు. ఇల్లిల్లు అడిగిన్రు. దొరకలే."

పరమేశ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"దొరికితే ఠాణల అప్పజెప్తుండిరి గావచ్చు."

"ఠాణనా? పోయినేడు గా గల్లీలనే ఒకన్ని పట్టుకున్నరు. దొంగ గాదు పాపం. మోమిన్‌పేట్ నుంచి తల్లిని చూడనీకి వచ్చిండు. ఎవరు, ఏంది అని అడగకుంటనే కొట్టిన్రు. దవఖానకు తీస్కపోయెవరకే పాణం పోయింది."

"ఎవలాయన?"

రైలు వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. కిష్టయ్య గొంతు తగ్గించాడు.

"బిడ్డ ఇంట్ల ఉంటది, పొద్దంత కిటికీ కాడ కూసుంటది ఒక ముసలామె, మొగులవ్వ అని... ఆమె కొడుకే."