వంక పక్క రాళ్లచేను

ఊళ్లో చేలన్నిటినీ రాళ్లేరే యంత్రాలు నున్నగా చేసేశాయి. ఈ ఉదయం ఒకటి వంక పక్కనున్న మా చేనుకూ వచ్చింది. మాది ఇసుక నేల. పైనున్న గులకరాళ్లే లోపలి తేమను కాపాడతాయి. అవి పోతే అలసందలు మొలవవు. నాన్న మందతో కొండకు వెళ్లాడు. ఇంటివాళ్లు గట్టిగా చెబితేనే యంత్రం ఆగుతుంది. అవ్వకేమో జలుబుతో గొంతు పూడుకుపోయింది.

నేను "వద్దు" అన్నాను.

"వినబడలేదు. మళ్లీ చెప్పండి," అంది యంత్రం.

అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. "గొర్రెల్ని అదిలిస్తావే, అట్ల అరువు మే!" అని గుసగుసలాడింది.

"ఒద్దు! మా రాళ్లు ముట్టుకోవద్దు!"

యంత్రం ఆగింది. ఏరిన రాళ్లను అక్కడే కుప్పపోసి వెళ్లిపోయింది. తడి వైపు కిందికి ఉండేలా, వాటిని ఒక్కొక్కటే మళ్లీ పరిచాను.